మనవడిలో ఎవరి వాటా ఎంత?

(ఉయ్యాలలో మూడు నెలల మనవడు నిద్రపోతున్నాడు. అటువైపు నాయనమ్మ సుభద్రమ్మ, ఇటువైపు అమ్మమ్మ రాజేశ్వరి. రాజేశ్వరి కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశారు. సుభద్రమ్మకు ఆ శాస్త్రం మీద గౌరవం లేదు. వియ్యపురాళ్ళు ఇద్దరూ గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. పిల్లవాడు లేస్తే ముందు ఎవరు ఎత్తుకోవాలన్నది ఇంకో పోట్లాట, దాని సంగతి తర్వాత.)

సుభద్రమ్మ: ఆ ముక్కు చూశారా వదినగారూ? అచ్చం మా అబ్బాయిదే. అంటే నాదే.

రాజేశ్వరి: ముక్కు ఒక్క జన్యువు చేసే పని కాదు వదినగారూ. దాని వెనుక చాలా జన్యువులు ఉంటాయి. దాదాపు ప్రతి జన్యువుకూ ఒక నకలు మా అమ్మాయి ఇచ్చిందే.

సుభద్రమ్మ: అంటే సగమా? వంశం మాది, ఇంటిపేరు మాది. ముప్పావు వంతయినా మాకు రావద్దూ?

రాజేశ్వరి: ఇంటిపేరు కణాల్లో ఉండదు. వీడి కణంలో ఉన్నవి 46 క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు. మా అమ్మాయివి 23, మీ అబ్బాయివి 23. ఇందులో బేరాల్లేవు.

సుభద్రమ్మ: 46 అని ఎవరు లెక్కపెట్టారు?

రాజేశ్వరి: 1956లో టియో, లెవాన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. అంతకుముందు 30 ఏళ్ళకు పైగా అందరూ 48 అనుకునేవారు.

సుభద్రమ్మ: రెండు తగ్గించారన్నమాట. ఆ రెండూ మా వైపువే అయి ఉంటాయి.

రాజేశ్వరి: (విననట్టు) వీడు మొదట ఒకే ఒక్క కణం. అది రెండైంది, రెండు నాలుగయ్యాయి. విడిపోయే ప్రతిసారీ కణం తన 46 క్రోమోజోములకూ నకలు తీసి, రెండు పిల్ల కణాలకూ పూర్తిగా పంచుతుంది. దాన్ని సమవిభజన అంటాం. అందుకే ముక్కులో ఉన్న క్రోమోజోములే మడమలోనూ ఉంటాయి.

సుభద్రమ్మ: అయితే మడమ కూడా నాదే.

రాజేశ్వరి: మడమలోనూ సగం మాదే అంటున్నాను!

సుభద్రమ్మ: సరే, మీ సగం మీరే ఉంచుకోండి. మా సగంలో మావారికి సగం, నాకు సగం. ఆ పావు వంతయినా నాకు ఖాయమే కదా?

రాజేశ్వరి: (గొంతు మారింది. తరగతిలో ఇష్టమైన పాఠం వచ్చినప్పటి గొంతు) అదే ఖాయం కాదు వదినగారూ. మీ అబ్బాయి కణాల్లో మీరిచ్చినవి 23, అన్నయ్యగారిచ్చినవి 23 ఉన్నాయి. శుక్రకణం తయారయ్యేటప్పుడు వాటిని సగం చేయాలి. ఇటు శుక్రకణంలో, అటు అండంలో సగం కాకపోతే వీడికి 92 వచ్చేవి. అందుకని అక్కడ క్షయకరణ విభజన జరుగుతుంది. ముందు అన్నింటికీ ఒకసారి నకలు తయారవుతుంది. తర్వాత మీ ఒకటో క్రోమోజోము, అన్నయ్యగారి ఒకటో క్రోమోజోము పక్కపక్కన చేరి జతకడతాయి. అలా 22 దాకా అన్నీ. జతకట్టినవి అక్కడక్కడా తెగి, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుంటుంది.

సుభద్రమ్మ: నావి తెగడమా? నన్ను ఒక్క మాటైనా అడగకుండా?

రాజేశ్వరి: ఎవరినీ అడగదు. అప్పుడు జతలు విడిపోతాయి. ఏ జతలో ఎవరిది ఎటు వెళ్ళాలన్న నియమం లేదు. చీట్లు వేసి ఆస్తి పంచినట్టే, ప్రతి జతకూ విడిగా చీటీ పడుతుంది. ఆ తర్వాత ఇంకోసారి విభజన జరిగి, ఒక్కో కణానికి 23 చొప్పున నాలుగు కణాలు తయారవుతాయి. ముక్కల మార్పిడిని పక్కన పెట్టి, కేవలం చీట్ల లెక్క చూసినా ఒక మనిషి నుంచి 83,88,608 రకాల కూర్పులు రావచ్చు.

సుభద్రమ్మ: అందుకేనా నా కొడుకులిద్దరూ ఒకే కడుపున పుట్టి, ఒకడు తూర్పు, ఒకడు పడమర?

రాజేశ్వరి: అందుకే. తల్లిదండ్రులు వాళ్ళే, పంపకం మాత్రం ప్రతిసారీ కొత్తది. కాబట్టి వీడిలో మీ వాటా 25 శాతమే కానక్కర్లేదు. 22 రావచ్చు, 28 రావచ్చు.

సుభద్రమ్మ: 22 వస్తే, ఆ మిగిలిన 3 మీరు కాజేశారా?

రాజేశ్వరి: నాకెలా వస్తాయి? మీ వైపు సగం మీ వైపే ఉంటుంది. మీకు తగ్గింది అన్నయ్యగారికి చేరుతుంది.

(నిశ్శబ్దం. ఇంతసేపూ శత్రువు ఎదురుగా కూర్చుని ఉందనుకున్నారు సుభద్రమ్మ. శత్రువు పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాడని ఇప్పుడే తెలిసింది.)

సుభద్రమ్మ: ఆయనకా! 40 ఏళ్ళుగా ఇంట్లో గడ్డిపరక కదిపిన మనిషి కాదు. కూర్చున్న చోటికే 28 శాతమా?

రాజేశ్వరి: మా ఇంట్లో మాత్రం? వీడి చెవులు చూసినప్పుడల్లా మావారి వైపే ఎక్కువ మొగ్గిందేమోనని నాకూ అనుమానమే.

(ఒక్క క్షణం ఇద్దరూ ఒకే పక్షం. అది నిలవలేదు, ఎందుకంటే రాజేశ్వరి దగ్గర ఇంకా పాఠం మిగిలి ఉంది.)

రాజేశ్వరి: ఒక్క విషయంలో మాత్రం మీకు అన్యాయం జరిగింది వదినగారూ. (ముఖంలో విచారమేమీ లేదు.) 23వ జత సంగతి. మీ అబ్బాయిలో మీరిచ్చిన ఎక్స్, అన్నయ్యగారిచ్చిన వై ఉన్నాయి. వీడు మగపిల్లవాడు కాబట్టి వై వచ్చింది. మీ ఎక్స్ వీడిదాకా రాలేదు. వీడి ఎక్స్ మా అమ్మాయిది. ఇక మైటోకాండ్రియాలు నా నుంచి మా అమ్మాయికి, తన నుంచి వీడికి వచ్చినవే.

సుభద్రమ్మ: అవేం చేస్తాయి?

రాజేశ్వరి: కణానికి శక్తినిస్తాయి.

సుభద్రమ్మ: అలాగా! రాత్రంతా కళ్ళు మూయకుండా గుక్కపట్టే శక్తి మీదన్నమాట. మా అబ్బాయి ఎంత బుద్ధిగా పడుకునేవాడో!

రాజేశ్వరి: ఇంకా వినండి. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే తన అండాల్లో ఈ క్షయకరణ విభజన మొదలవుతుంది. ముక్కల మార్పిడి కూడా అప్పుడే జరిగిపోతుంది. తర్వాత మధ్యలో ఆగి, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. వీడు పుట్టిన అండం మా అమ్మాయితో పాటు నా కడుపులోనే ఉంది!

సుభద్రమ్మ: పని మొదలుపెట్టి, సగంలో వదిలేసి, పెళ్ళయ్యేదాకా మూలన పడేశారా? మా అబ్బాయి ఎప్పటికప్పుడు కొత్తగా తయారు చేశాడు.

రాజేశ్వరి: చేశాడు. అన్నిసార్లు నకళ్ళు తీస్తే తప్పులు పడవా? అమ్మానాన్నల్లో లేని కొత్త మార్పులు ప్రతి పిల్లలోనూ కొన్ని పదుల్లో ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచి వచ్చేవే. తండ్రి వయసు పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి.

సుభద్రమ్మ: చూశారా, వీడిలో కొత్తదనమంతా మా వైపుదే!

రాజేశ్వరి: తప్పులంటున్నాను వదినగారూ! వాటిలో చాలావాటి వల్ల మంచీ లేదు, చెడూ లేదు.

సుభద్రమ్మ: (ఉయ్యాల ఊపుతూ, కాసేపాగి) ఆ ఎక్స్ సంగతి. నాది ఒక్క ముక్క కూడా రాలేదా? పిల్లవాడి ఎదుట నిజం చెప్పండి.

(ఇక్కడ అబద్ధం చెప్పేస్తే రాజేశ్వరి గెలిచినట్టే. కానీ అన్నేళ్ళు జవాబు పత్రాలు దిద్దిన మనిషికి నోరు రాలేదు.)

రాజేశ్వరి: ఎక్స్, వై పొడవునా జతకట్టలేవు. కొసల దగ్గర మాత్రం కలుస్తాయి. ఒక కొసలో ముక్కల మార్పిడి దాదాపు ప్రతిసారీ జరుగుతుంది. మీ ఎక్స్ చివరి ముక్క వీడి వైకి అతుక్కుని వచ్చే అవకాశం ఇంచుమించు సగానికి సగం.

సుభద్రమ్మ: ఎంతుంటుంది ఆ కొస?

రాజేశ్వరి: మొత్తం కొస దాదాపు 27 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు. అందులో మీది ఎంత వచ్చిందో...

సుభద్రమ్మ: 27 లక్షలు! అంత పెట్టుకుని, నాకేమీ రాలేదంటారా?

రాజేశ్వరి: ఒక్క తండ్రి నుంచి వచ్చేవే సుమారు 300 కోట్ల అక్షరాలు వదినగారూ. అందులో ఇదెంత?

సుభద్రమ్మ: లక్షలు లక్షలే. ఇంతకీ ఆ కొసలో ఏముంది?

రాజేశ్వరి: (నీరసంగా) ఎముకల ఎదుగుదలకు, ఎత్తుకు సంబంధించిన ఒక జన్యువు.

సుభద్రమ్మ: చాలు. వీడు పొడుగైతే ఆ కొస నాది. పొట్టివాడైతే మావారిది.