ఫుల్ ఫ్రేమ్ లేకుండా లగ్గం ఫోటోలు తీయలేమా?

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. మొదటిసారి లగ్గం ఆర్డర్ ఒప్పుకున్నవారు పెద్ద సెన్సర్ (వెలుతురును పట్టే పలక) ఉండే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, దానికి 24-70, 70-200 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 లెన్సులు లేకుండా మండపంలో అడుగు పెట్టవద్దని, చిన్నదైన క్రాప్ సెన్సర్‌తో తీసినవి ఆల్బమ్‌కు పనికిరావని, చప్పుడు చేయని సైలెంట్ షట్టరే వాడాలని, ఫ్లాష్ పాతకాలపు పద్ధతని, చేతిలో డబ్బు లేకపోతే ఈఎంఐ పెట్టుకుంటే రెండు మూడు ఆర్డర్లలో తీరిపోతుందని దాని సారాంశం. మునుగోడు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు దీన్ని ఫోన్‌లో చూపించి, "అన్నా, పొలం కాగితాలు పెట్టి తీసుకోమంటావా?" అని అడిగాడు కాబట్టి దీనికి జవాబు రాయక తప్పలేదు.

మొదట సెన్సర్ సంగతి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు ఉంటుంది. మన దగ్గర ఎక్కువమంది వాడే క్రాప్ సెన్సర్ సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు, కొన్ని కంపెనీలది ఇంకాస్త చిన్నది. వైశాల్యంలో మొదటిది రెండోదానికి రెండింతలకు పైగా ఉంటుంది కాబట్టి, ఒకే ఎఫ్ నంబర్, ఒకే షట్టర్ వేగం పెట్టి తీసినప్పుడు ఫుల్ ఫ్రేమ్ ఫోటోలో నాయిజ్, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, తక్కువగా కనిపిస్తుందన్న మాట నిజమే, అందులో వాదించడానికి ఏమీ లేదు. అయితే ఉన్న డబ్బంతా బాడీకే పెట్టినవాడు చివరికి దానికి తగిలించేది దానితోపాటు వచ్చే ఎఫ్ 4 జూమ్ లెన్సునే. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది కాబట్టి, క్రాప్ బాడీకి తగిలించిన ఎఫ్ 1.8 లెన్సు, ఎఫ్ 4 లెన్సు కంటే దాదాపు ఐదింతల వెలుతురును లోపలికి రానిస్తుంది. సెన్సర్ వల్ల వచ్చిన రెండింతల లాభం ఈ ఐదింతల తేడా ముందు నిలబడదు. ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ లోతు తక్కువ కాబట్టి వధూవరుల ముఖాలు ఒకే వరుసలో లేనప్పుడు ఒకరు మసకబారతారన్న అభ్యంతరం సరైనదే. అందుకోసం ఎఫ్ 2.8కు వచ్చినా రెండు కెమెరాలు ఇంచుమించు సమానమవుతాయి తప్ప ఖరీదైనది పెద్దగా ముందుకు పోదు. క్రాప్ బాడీ మీద 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు, ఫుల్ ఫ్రేమ్ మీది దాదాపు 52 మిల్లీమీటర్ల లెన్సులా, 50 మిల్లీమీటర్లది 75 మిల్లీమీటర్ల లెన్సులా చూస్తుంది. ఈ రెండింటితో, మొత్తం మండపం చూపడానికి పాత 18-55 కిట్ లెన్సుతో ఒక లగ్గం పూర్తిగా తీయవచ్చు. కిట్ లెన్సును జూమ్ చేసి 55 దగ్గర ఎఫ్ 5.6తో రాత్రి ముహూర్తం తీస్తానంటే మాత్రం, సందేశం రాసినవారితో నేనూ గొంతు కలుపుతాను.

ఆల్బమ్‌కు పనికిరావన్నది లెక్క వేయకుండా అన్న మాట. మన దగ్గర ఎక్కువగా అడిగే 12 × 36 ఆల్బమ్‌లో ఒక పేజీ 12 × 18 అంగుళాలు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించినా దానికి కావలసింది 5400 × 3600 పిక్సెళ్లు, అంటే రెండు కోట్ల లోపు. ఇప్పటి 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరా 6000 × 4000 ఇస్తుంది.

70-200 లెన్సు గొప్పదే, నేనూ వాడతాను. అయితే అది దూరంగా నిలబడి తీయడానికి పుట్టినది, మన మండపంలో దూరంగా నిలబడే వీలు ఎక్కడుంది? జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి అడ్డుతెర పట్టినవారు, అయ్యగారు, ఇరువైపుల మేనమామలు, వీడియో తీసేవారు, అందరి వెనుక చేతులెత్తి ఫోన్లు పట్టుకున్న బంధువులు వలయంగా నిలబడతారు. పది అడుగుల వెనక్కి వెళ్లినవాడికి వాళ్ల వీపులు, ఫోన్ల తెరలు తప్ప ఏమీ దొరకవు. ఎదురుకోళ్లకూ అప్పగింతలకూ ఆ లెన్సు పనికి వస్తుంది కాబట్టి, ఆ ఒక్క రోజుకు కిరాయికి తెచ్చుకుంటే సరిపోతుంది. తెచ్చుకున్నాక ముందురోజే తన బాడీకి తగిలించి ఫోకస్ పట్టుతోందో లేదో చూసుకోవాలి.

సైలెంట్ షట్టర్ సలహా చదివి నాకు నవ్వు వచ్చింది. గట్టిమేళం మోగుతుంటే పక్కన నిలబడ్డ మనిషి మాటే వినిపించదు, ఇక షట్టర్ చప్పుడు ఎవరి చెవిన పడుతుంది? పైగా మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. చాలా కెమెరాల్లో సైలెంట్ షట్టర్ సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుసలుగా చదువుతుంది కాబట్టి, ఆ మినుకు ఫోటోలో అడ్డచారలుగా పడుతుంది. వేదిక వెనుక ఎల్ఈడీ తెర ఉన్న ఫంక్షన్ హాళ్లలో పెళ్లికూతురి పట్టుచీర మీద ఆ చారలు పడితే తర్వాత సాఫ్ట్‌వేర్‌తో వాటిని శుభ్రంగా తీసివేయడం చాలా కష్టం. చప్పుడు చేసే మామూలు మెకానికల్ షట్టర్ వాడి, వేగాన్ని సెకనులో 100వ వంతు దగ్గర ఉంచుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. తలంబ్రాలు గాలిలో ఆగినట్టు కావాలంటే మాత్రం వేగం పెంచక తప్పదు, అక్కడ ఫ్లాషే ఆదుకుంటుంది.

ఫ్లాష్ పాతకాలపుదన్న అభిప్రాయం, దాన్ని ముఖానికి సూటిగా కొట్టిన ఫోటోలు చూసి ఏర్పడినదై ఉండాలి. తెల్లటి సీలింగ్ ఉన్న హాలులో ఫ్లాష్ తలను పైకి తిప్పితే ఆ సీలింగే పెద్ద దీపంగా మారి ముఖం మీద మెత్తటి వెలుతురు పడుతుంది. ఊళ్లో ఇంటి ముందర వేసిన పందిట్లో ఈ ఉపాయం పనిచేయదు: పైన పసుపు గుడ్డ కట్టి ఉంటే ముఖాలు కామెర్లు వచ్చినట్టు పచ్చబడతాయి, ఆకుపచ్చ గుడ్డ అయితే ఇంకా అన్యాయం. అటువంటి చోట ఫ్లాష్‌కు తెల్లటి అట్టముక్కను రబ్బరుతో కట్టి, శక్తిని తగ్గించి, వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, అంటే ఐఎస్ఓను, 1600 దాకా పెంచితే వెనుక సీరియల్ లైట్లు కూడా ఫోటోలో నిలుస్తాయి. ఒక్క ఫ్లాష్ కొనే డబ్బుతో కలిగే మేలు, బాడీ మార్చినందువల్ల కలిగే మేలు కంటే మొదటి లగ్గంలో చాలా ఎక్కువ.

ఈఎంఐ లెక్కకు మన పంచాంగమే జవాబు చెబుతుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పుష్యంలో ఉండవు, మూఢం వస్తే వారాల తరబడి ఉండవు. బ్యాంకు వాయిదాకు మాత్రం మూఢం అంటదు. పైగా కొత్తవాడికి ఇచ్చే బయానా పెట్రోలుకూ ఆల్బమ్ అడ్వాన్సుకూ పోతుంది, మిగతా డబ్బు ఆల్బమ్ ఇంటికి చేరాక గాని చేతికి రాదు. ఆ కుర్రవాడికి పొలం కాగితాలు ఇంట్లోనే ఉంచమని చెప్పాను.

ఇక సందేశంలో అసలు లేని విషయమే నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. అంత పెద్ద జాబితాలో రెండో బాడీ లేదు, రెండో మెమరీ కార్డు లేదు, విడి బ్యాటరీ లేదు. నా మొదటి ఆర్డర్ దేవరకొండ దగ్గరి ఒక పల్లెలో, రాత్రి ముహూర్తానికి. ఫ్లాష్‌లో వేసుకున్న నాలుగు సెల్స్‌తోనే ఎదురుకోళ్లు తీశాను, బరాత్ తీశాను, వచ్చిన ప్రతి చుట్టాన్నీ తీశాను. పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు, ఆడపడుచు పెళ్లికూతురి జడ పైకెత్తి పట్టుకుంది, మొదటి ముడి పడగానే ఫ్లాష్ వెలిగింది. ఆ తర్వాత దాని వెనుక, మళ్లీ ఛార్జ్ అయిందని చెప్పే ఎర్రదీపం రాలేదు. సన్నగా కీచుమంటూ అది ఛార్జ్ అవుతుండగానే రెండో ముడి పడిపోయింది, నేను నొక్కినది నల్లటి చీకటిగా వచ్చింది. మూడోదానికి వెలిగింది. ఆ ఇంటి ఆల్బమ్‌లో పుస్తె కట్టే పేజీ ఇప్పటికీ ఒకటో ముడి నుంచి మూడో ముడికి దూకుతుంది. ఆ రోజు నా మెడలో ఫుల్ ఫ్రేమ్ ఉన్నా వచ్చేది అదే చీకటి ఫోటో.

అప్పటి నుంచి నాలుగేసి సెల్స్ మూడు సెట్లు పెట్టుకుంటున్నాను, వాడినవి కుడి జేబులో, నిండినవి ఎడమ జేబులో. అయ్యగారు మంగళసూత్రాన్ని పళ్లెంలో పెట్టి పెద్దల చేత తాకించి రావడానికి పంపినప్పుడు, పాతవాటిలో ఇంకా శక్తి ఉన్నా లేకపోయినా, కొత్త సెట్టు వేసుకుంటాను.