ఆ మొదటి వారం ఆసుపత్రిలోనే గడవాలి

అయ్యప్ప మాల వేసుకున్న రోజు నుంచి చుక్క ముట్టనివారు మన ఊళ్లలో ఎందరో కనిపిస్తారు. అయితే వారిలో తెల్లవారగానే గొంతు తడుపుకోనిదే చేతి వణుకు ఆగని స్థితికి చేరినవారికి, ఆ మంచి నిర్ణయమే ప్రాణాల మీదికి తెచ్చే ప్రమాదం ఉందని చాలా కుటుంబాలకు తెలియదు. తాగుడు ఆపిన ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తరువాత కొందరికి మతి భ్రమిస్తుంది. వైద్యులు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మూడో రాత్రి దుప్పటి మీద లేని చీమలను ఏరుతూ, మూలన ఎవరో నిలబడ్డారని కేకలు పెట్టే మనిషికి గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారున్నారు, పరువు పోతుందని గదిలో పెట్టి గొళ్లెం వేసేవారున్నారు. చికిత్స అందకపోతే ఆ స్థితి మనిషిని బలి తీసుకోగలదు.

మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి దాన్ని ఎదుర్కొంటూ మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ వేగానికి పగ్గం ఉండదు. అందుకే వైద్యులు మెదడును శాంతపరిచే క్లోర్‌డయజిపాక్సైడ్, కాలేయం దెబ్బతిన్నవారికైతే లోరజిపామ్ ఇచ్చి, వారం పది రోజుల్లో మోతాదును మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ కూడా అంతే ముఖ్యం. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకురావడం మన దగ్గర మామూలు విషయం. తాగి తాగి తిండి మానేసిన శరీరానికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ముప్పు ఉంది. ఇంత చవకైన ఇంజెక్షన్ అందక ఒక మనిషి జ్ఞాపకశక్తిని పోగొట్టుకోవడం మమ్మల్ని తీవ్రంగా కలచివేస్తోంది.

తెలంగాణలో కల్తీ కల్లు ఈ సమస్యను మరింత జటిలం చేసింది. అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటుపడినవారు కూలి పనులు చేసుకునే ఆడా మగా; తాము తాగుతున్నది మత్తుమందని వారికి తెలియదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు బారులు తీరారు. అదే సమయంలో కేరళ ప్రభుత్వం డాక్టరు చీటీ మీద మద్యం ఇవ్వాలని ఉత్తర్వులిస్తే వైద్యులు వ్యతిరేకించారు, హైకోర్టు నిలిపివేసింది. వైద్యులు రాయవలసింది మందులనే కాని మద్యాన్ని కాదన్న వారి మాట సబబైనదే. అయితే ఆ మందులిచ్చే పడక ఎక్కడుందన్న ప్రశ్న నేటికీ మిగిలే ఉంది. కల్తీ కల్లు దుకాణాలపై దాడులు జరగవలసిందే. దుకాణం మూయించే రోజుకే ఆ మండలంలోని ఆసుపత్రిని కూడా సిద్ధం చేయాలని మేము కోరుతున్నాము.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది; ఆసుపత్రిలో చేరి చికిత్స పొందుతున్నది 180 మందిలో ఒక్కరే. ఈ లోటులోనే వైద్యుడు లేని డీఅడిక్షన్ కేంద్రాలు పుట్టుకొస్తున్నాయి. మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక సమస్యలు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి కనుక, రోగిని గొలుసుతో కట్టడం, కొట్టడం నేరాలుగానే చూడాలి. భర్తకు తెలియకుండా అన్నంలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర కలిపి పెట్టే ఇల్లాలి బాధను మేము అర్థం చేసుకోగలం; కానీ ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉందని ఆమెకు చెప్పవలసింది మందుల దుకాణమే.

హెరాయిన్ వంటి మత్తుకు బానిసలైనవారికి ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. కొన్నాళ్లు మానాక శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. మళ్లీ అంతే తీసుకున్నవారు ప్రాణాలు కోల్పోతున్నారు. వీరికి శరీరం నుంచి మత్తును వదిలించే మొదటి వారం ఒక్కటే చాలదు, బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులతో నెలల తరబడి చికిత్స కొనసాగాలి.

సాయం అడగడానికి 14446 నంబరు ఉంది. ఫోను చేసిన కుటుంబానికి తమ ఏరియా ఆసుపత్రిలోనే అర్ధరాత్రి సైతం ఫిట్స్‌ను అదుపుచేయగల వైద్యుడు, లోరజిపామ్, థయామిన్, ఒక పడక దొరికేలా రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు వచ్చే బడ్జెట్‌లోనే నిధులు కేటాయించాలి.