రిజిస్టర్ చేయించారు సరే, ఆ పేరు మీదేనా?

బెంగళూరులో మారతహళ్లి నుంచి కుందనహళ్లి గేటు దాకా బోర్డులు చదువుకుంటూ వెళ్లండి. ఆంధ్రా అనో, గోదావరి అనో, రాయలసీమ అనో ఒక మాట, దాని పక్కన రుచులు, భోజనం, మెస్, వంటిల్లు వీటిలో ఏదో ఒకటి. రాత్రికి రాత్రి ఆ బోర్డులన్నీ అటూ ఇటూ మార్చేసినా తినేవాళ్లకి తేడా తెలీదు. ఈ ఓనర్లే ఏడాది తిరిగేసరికి "పక్క వీధిలో వాడెవడో మా పేరే పెట్టేశాడండీ" అంటూ లాయర్ దగ్గరికి పరిగెత్తుతారు. కటువుగా ఉంటుంది గానీ చెప్పాలి. ఆ కేసు వాళ్లు బోర్డు రాయించిన రోజే సగం ఓడిపోయారు.

పేరుని ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించే తతంగం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. వ్యక్తిగా వేసినా, ప్రభుత్వం చిన్న సంస్థలకిచ్చే ఉద్యం సర్టిఫికెట్ ఉన్న సంస్థగా వేసినా ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాస్‌కి, అంటే ఒక్కో సరుకు వర్గానికి, 4,500 రూపాయలు, మిగతా కంపెనీలకి 9,000. బెంగళూరు వాళ్ల ఫైలు వెళ్లేది చెన్నై గిండీలో ఉన్న రిజిస్ట్రీకే, ఆంధ్ర, తెలంగాణ ఫైళ్లూ అక్కడికే. రిజిస్ట్రీ నుంచి అబ్జెక్షన్ వస్తే నెలలో జవాబివ్వాలి, పేరు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో పడ్డాక నాలుగు నెలల లోపు బయటివాళ్లెవరైనా అపోజిషన్ వేసి అడ్డుపడొచ్చు, పదేళ్లకోసారి రెన్యూవల్. ఇదంతా ఏజెంట్ చూసుకుంటాడు. వాడు చెప్పనిది వేరే ఉంది.

సరుకు ఏమిటో, ఎక్కడిదో, ఎంత బాగుంటుందో చెప్పే మాటల్ని ఒక్కరి సొత్తుగా రాసివ్వకూడదని ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్‌లోనే ఉంది. అందుకే 'ఆంధ్రా రుచులు' లాంటి పేరుకి అబ్జెక్షన్ వస్తుంది. అప్పుడు ఏజెంట్ ఏం చేస్తాడంటే, ఒక అరిటాకు బొమ్మ, పొగలు కక్కే గిన్నె, చుట్టూ ఎర్ర గీత పెట్టించి మొత్తాన్ని లోగోగా వేయిస్తాడు. అది పాసవుతుంది, ఓనర్ సర్టిఫికెట్‌ని ఫ్రేమ్ కట్టించి క్యాష్ కౌంటర్ వెనకాల తగిలిస్తాడు, ఇక తిరుగులేదనుకుంటాడు. కానీ అదే చట్టంలో 17వ సెక్షన్ ఉంది. మొత్తం బొమ్మ మీద హక్కు వచ్చినంత మాత్రాన అందులో ఉన్న మామూలు మాట మీద విడిగా హక్కు రాదు. పక్కవాడు అరిటాకు తీసేసి 'ఆంధ్రా రుచులు' అనే మాట ఒక్కటే పెట్టుకుంటే మీ ఫ్రేమ్ పెద్దగా అక్కరకి రాదు.

చిన్నవాళ్లకే ఈ గతి అనుకోకండి. యిప్పీ నూడుల్స్ మీద 'మ్యాజిక్ మసాలా' అని రాసుకునే ఐటీసీ, మ్యాగీ మీద 'మ్యాజికల్ మసాలా' అని రాసిన నెస్లే మీద మద్రాస్ హైకోర్టుకి వెళ్లింది. 2020లో కోర్టు తేల్చిందేమిటంటే, మ్యాజిక్ అనేది సరుకుని పొగిడే మాట, వ్యాపారంలో అందరూ వాడేది, దాని మీద ఒక్కరికే గుత్తాధికారం ఉండదు. ఐటీసీకి ఉన్నంత లాయర్ల బలం మీ మెస్‌కి ఉందా?

ఇక మన బెంగళూరు కేసు, ప్రతి ఆంధ్రా హోటల్ ఓనరూ చదవాల్సింది. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి 'నందిని' పేరుతో పాలు అమ్ముతోంది. 1989 నుంచి నగరంలో ఆంధ్రా భోజనానికి పేరు పడిన నందిని డీలక్స్ హోటళ్లు తమ పేరు రిజిస్ట్రేషన్‌కి వేస్తే సమాఖ్య అడ్డుపడింది. రిజిస్ట్రీ హోటల్ వైపు మొగ్గింది, 2011లో ట్రేడ్‌మార్క్ అప్పీళ్లు వినే అప్పిలేట్ బోర్డు కాదంది, 2014లో కర్ణాటక హైకోర్టూ కాదంది, చివరికి 2018 జులైలో సుప్రీంకోర్టు హోటల్ వైపు తీర్పిచ్చింది, అదీ పాలు, పాల పదార్థాలు వదిలేసుకుంటేనే. మనవాళ్లు దీన్ని పెద్ద విజయంగా చెప్పుకుంటారు. నాకైతే అది విజయం కంటే హెచ్చరికలా కనిపిస్తుంది. నందిని అనేది పురాణాల్లో ఉన్న పేరు, ఎవరూ కొత్తగా పుట్టించింది కాదు అన్నదే కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. మరి ఆ కారణం హోటల్‌కీ వర్తిస్తుందిగా! రేపు ఇంకో వ్యాపారంలో ఇంకొకరు అదే పేరు పెడితే ఇదే వాదన వీళ్ల మీదికే తిరిగొస్తుంది. వెంకటేశ్వర, అన్నపూర్ణ, సాయి అని పెట్టుకున్నవాళ్లందరూ ఒకసారి ఆలోచించుకోవాలి. దేవుడు అందరివాడు, కాబట్టి పేరూ అందరిదే.

దీనికి తిరుగు ఉదాహరణ తిరునెల్వేలిలో ఉంది, ఇరుట్టుకడై హల్వా. చీకటి కొట్టు హల్వా అని అర్థం. తీపి గురించి గానీ, నెయ్యి గురించి గానీ అందులో ఒక్క మాట లేదు. అది నిలబడడానికి అదీ ఒక కారణం. ఆ పేరు ముందు ఊరి పేరు తగిలించుకుని ఇంకొకరు దిగారు, వాళ్ల చేతిలోనూ రిజిస్ట్రేషన్ ఉంది, అయినా ఎవరు ముందు నుంచి వాడుతున్నారో వాళ్లదే పైచేయి అని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఈ దేశంలో సర్టిఫికెట్ కంటే వాడకం పెద్దది. ఆ వాడకాన్ని నిరూపించేది మొదటి రోజు బిల్లు, కరెంటు కనెక్షన్, పాత మెనూ కార్డు, మొదటి ఏడాది జీఎస్టీ రిటర్న్. మనం షాపు ఖాళీ చేసినప్పుడల్లా తూకానికి అమ్మేసేవి కూడా అవే!

"కొత్త పేరు పెడితే అది ఆంధ్రా భోజనమని ఎవడికి తెలుస్తుంది, ఐటీ కుర్రాడు బోర్డు చూసే కదా లోపలికొస్తాడు" అంటారు. నిజమే. ఏళ్ల తరబడి ఒక్కరే వాడితే మామూలు మాటకీ గుర్తింపు రావచ్చని చట్టమే ఒప్పుకుంటుంది కూడా. కానీ అంతకాలం మిమ్మల్ని ఒంటరిగా ఎవడు వదిలేస్తాడు? విడ్డూరమైన పేరు పెద్దక్షరాల్లో పెట్టి, కింద ఆంధ్రా మెస్ అని చిన్నగా రాసుకుంటే సరిపోయేదానికి ఇంత వాదన దండగ.

అసలు నన్ను తొలిచేది వేరే. అప్లికేషన్‌లో 'దరఖాస్తుదారు' అనే గడి ఉంటుంది. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఆవకాయ, గోంగూర, కారప్పొడి కట్టి వాట్సాప్ గ్రూపుల్లో అమ్మే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు. సీసా మీద వాళ్ల అమ్మమ్మ పేరు ఉంటుంది, చెయ్యి వాళ్లది, కొలత వాళ్లది, ఆ గడిలో మాత్రం భర్త పేరు. ఎందుకంటే ఆధార్, ఓటీపీ, ఆడిటర్ అన్నీ ఆయన ఫోన్‌లోనే ఉంటాయి. సొంత వ్యాపారంగా నడిపే దుకాణానికి చట్టం కళ్లలో వేరే ఉనికి లేదు, కాగితం మీద ఎవరి పేరున రాస్తే బ్రాండ్ వాళ్ల ఆస్తి. పొలం పట్టాలో ఆడపిల్ల పేరు ఎక్కించడానికి దశాబ్దాలు పోరాడిన జాతి, కొత్త రకం ఆస్తిని నోరెత్తకుండా మళ్లీ అదే చేతిలో పెడుతోంది. రేపు ఆ బ్రాండ్‌ని పెద్ద కంపెనీ కొంటానంటే సంతకం పెట్టేది ఆయన. విడిపోతే, ఊరగాయ జాడీలు ఆమెకి, పేరు ఆయనకి.

ఆమె పేరున వేసినా ఫీజు అదే 4,500. ఇద్దరూ కలిసి నడిపితే ఇద్దరి పేర్లూ వేయొచ్చు, పచ్చళ్లకి 29, పొడులకి 30 క్లాస్ అని చూసుకుని. ఇప్పటికే ఆయన పేరున ఉంటే అసైన్‌మెంట్ డీడ్, అంటే హక్కు బదిలీ పత్రం, రాసుకుని రిజిస్ట్రీలో టీఎం-పి ఫారంతో మార్పించుకోవచ్చు. "ఇంట్లోవాళ్లమేగా, ఎవరి పేరునుంటే ఏం" అనే మగవాళ్లు ఆ మాట మీదే నిలబడి, సంతకం పెట్టి ఇచ్చేయండి.