ఫొటో తీసిన ‘వ్యక్తి’ కళాకారుడు కాడా?

1957 నాటి మన కాపీరైట్ చట్టం చిత్రానికీ శిల్పానికీ కర్త ‘కళాకారుడు’ అంటుంది. ఫొటో దగ్గరకు వచ్చేసరికి ‘ఫొటో తీసిన వ్యక్తి’ అని ఊరుకుంటుంది. ఫొటోను కళాకృతుల్లో చేర్చిన చట్టమే, దాన్ని తీసినవారిని కళాకారులని పిలవడానికి వెనుకాడింది. 2012లో సవరించేదాకా చిత్రకారుడి హక్కు ఆయన జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్లు నిలిచేది, ఫొటోగ్రాఫర్ హక్కు మాత్రం ప్రచురణ జరిగిన 60 ఏళ్లకే ముగిసేది.

ఈ తేడా వెనుక ఉన్న అనుమానం చాలా పాతది. బొమ్మను చేయి గీస్తుంది, ఫొటోను యంత్రం తీస్తుంది, ఇక అందులో మనిషి ప్రతిభ ఏముందన్నది ఆ వాదన. అమెరికా ఫొటోగ్రాఫర్ నెపోలియన్ సరోనీ తీసిన రచయిత ఆస్కార్ వైల్డ్ ఫొటోను అనుమతి లేకుండా అచ్చువేసిన ఒక లితోగ్రఫీ (రాతి అచ్చు) కంపెనీ అమెరికా సుప్రీంకోర్టులో వినిపించిందీ ఇదే. 1884లో కోర్టు దాన్ని తోసిపుచ్చింది. వైల్డ్‌ను కూర్చోబెట్టిన తీరు, దుస్తులు, తెరలు, వెలుగునీడలు అన్నీ సరోనీ ఊహించి అమర్చినవే గనుక ఆ ఫొటో ఆయన సృష్టేనని తేల్చింది. తీర్పు సరైనదే, కానీ అందుకు చూపిన కారణం నాకు చాలదు. చిత్రకారుడిలా అన్నీ అమర్చినందువల్లే ఫొటో కళ అయ్యేటట్లయితే, వీధిలో నిలబడి దేన్నీ తాకని ఫొటోగ్రాఫర్ మాటేమిటి?

1984 డిసెంబరులో భోపాల్ విషవాయువుకు బలైన ఒక పసిబిడ్డను మట్టిలో పూడ్చిపెడుతున్న చోట ఫొటోగ్రాఫర్లు రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ ఇద్దరూ ఉన్నారు. అదే బిడ్డ, అదే మట్టి. రఘు రాయ్ ఫొటో నలుపు తెలుపులో ఉంటుంది. కప్పబోయే ముందు ఒక చేయి ఆ ముఖాన్ని చివరిసారి తాకుతున్నట్టు కనిపిస్తుంది. బార్తొలొమ్యూ ఫొటో రంగుల్లో ఉంటుంది, ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం దానికే దక్కింది. తీసింది యంత్రమే అయితే ఈ రెండూ ఒక్కలాగే ఉండాలి. ఎంత దగ్గరకు వెళ్లాలో, ఏ క్షణం కోసం ఆగాలో, చుట్టూ ఉన్నదానిలో దేన్ని చట్రం బయట వదిలేయాలో కెమెరా చెప్పదు. లేనిదాన్ని కల్పించుకునే వెసులుబాటు చిత్రకారుడికి ఉంది. ఫొటోగ్రాఫర్‌కు అది లేదు. ఎదురుగా ఉన్నదానికి కట్టుబడి, ఉన్నచోటే ఉండి, తనదైన చూపును చూపించాలి. ఈ కట్టుబాటు వల్ల కళ తగ్గుతుందని నేను అనుకోను. ఛందస్సుకు లోబడినంత మాత్రాన పద్యం కవిత్వం కాకుండా పోయిందా?

అలాంటి మరణాన్ని కళ అనడం ఆ బిడ్డకు అవమానమని నొచ్చుకునేవారున్నారు. ఆ బాధను గౌరవిస్తాను. అయితే కళ అంటే అలంకారమన్న అర్థం తీసుకున్నప్పుడే ఆ మాట నిలుస్తుంది. కరుణను రసంగా ఎంచిన సంప్రదాయం మనది. వార్తగా భోపాల్ ఘటన ఏనాడో పాతబడినా, ఆ ముఖాన్ని ఈ రోజు చూసినవారు కూడా వెంటనే చూపు తిప్పుకోలేరు. సమాచారం అందించే పని ముగిసిన తర్వాత కూడా మనల్ని తన ముందు నిలబెట్టగలిగే ఈ శక్తినే నేను కళ అంటాను.

గుర్తింపు కార్డు ఫొటోకు ఆ శక్తి లేదన్నది నిజమే. గోడల మీది ప్రకటనల బొమ్మలన్నింటికీ కూడా లేదు, అయినా వాటిని గీసినవారిని చట్టం కళాకారులనే అంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్‌కు ‘ముసవ్విర్ జంగ్’ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి కెమెరా పట్టిన మనిషిని హైదరాబాద్ దర్బారు 19వ శతాబ్దంలోనే ఆ మాటతో పిలిచింది. హక్కుల గడువును 2012లో సమం చేసిన పార్లమెంటు, నిర్వచనంలోని ‘ఫొటో తీసిన వ్యక్తి’ని మాత్రం అలాగే వదిలేసింది. ఆ మాటను కూడా మార్చాలి.