క్రైస్తవ పుస్తకం అయితే చాలా?

"క్రైస్తవ పుస్తకమే కదా, ఏం పర్లేదు" అంటూ అట్ట చూసి కొనేసి పిల్లల చేతిలో పెట్టడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బూతు మాట ఉండదు, ప్రేమ సీన్లు ఉండవు, ప్రతి అధ్యాయం చివర ఒక వాక్యం ఉంటుంది. అంతే, పుస్తకం పాసైపోయినట్టే. అందులో మనుషులు మనుషుల్లా ఉన్నారా, రాసినవాళ్లు జరిగింది జరిగినట్టు చెప్పారా అని అడిగేవాళ్లు తక్కువ. కుటుంబ ప్రార్థన అయ్యాక అందరూ కూర్చుని పైకి చదువుకునే పుస్తకానికి నేను మొదట పెట్టే పరీక్ష అదే.

మెన్నోనైట్లు అంటే కత్తి పట్టకూడదని నమ్మే ఒక క్రైస్తవ శాఖ. వాళ్ల పుస్తకాల దగ్గర ఈ పరీక్ష ఇంకా గట్టిగా పెట్టాలి. ఎందుకంటే ఆ విశ్వాసం ప్రాణం పణంగా పెట్టి మొదలైంది. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొంతమంది, పసిపిల్లలకు కాదు, తెలిసి నమ్మినవాళ్లకే బాప్తిస్మం అని ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. 1527 జనవరిలో వాళ్లలో ఒకడైన ఫీలిక్స్ మాంజ్‌ని లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చంపించింది ఎవరో విగ్రహారాధకులు కాదు, ప్రొటెస్టంట్ సంస్కరణను ఒప్పుకున్న ఆ నగర పాలకులే. ఇంకోచోట క్యాథలిక్ పాలకులు అదే పని చేశారు. ఈ సంగతి దాటేసి "చెడ్డవాళ్లు మంచివాళ్లను హింసించారు" అని రాసిన పిల్లల పుస్తకం నాకు వద్దు. 2010లో లూథరన్ ప్రపంచ సమాఖ్య స్టుట్‌గార్ట్‌లో సమావేశమై, ఈ హింసలో తమ పూర్వీకుల పాత్రకు బహిరంగంగా క్షమాపణ అడిగింది. తప్పు చేసిన సంఘమే నోరు తెరిచి ఒప్పుకున్నాక మన పుస్తకాలకు మొహమాటం ఎందుకు?

ఏ మెన్నోనైట్ కథల పుస్తకం దొరికినా నేను ముందు డిర్క్ విల్లెమ్స్ కథ ఎలా రాశారో చూస్తాను. నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్ ఊరివాడు. విశ్వాసం కోసం ఖైదులో పెడితే గుడ్డలు ముడివేసిన తాడుతో కిందికి దిగి తప్పించుకున్నాడు. గడ్డకట్టిన నీళ్ల మీద పరుగెత్తాడు. ఖైదు తిండితో చిక్కిపోయాడేమో, పలచటి మంచు అతన్ని మోసింది. వెంటపడిన కాపలావాడి కింద మాత్రం విరిగిపోయింది. మునిగిపోతున్నవాడిని చూసి డిర్క్ వెనక్కి వచ్చి, చెయ్యి ఇచ్చి పైకి లాగాడు. ఆ కాపలావాడికి అతన్ని వదిలేయాలనే ఉంది. కానీ ఒడ్డున నిలబడ్డ అధికారి నీ ప్రమాణం గుర్తు తెచ్చుకో అని గద్దించాడు. డిర్క్‌ని మళ్లీ పట్టుకుని 1569 మే నెలలో సజీవంగా తగలబెట్టారు.

చాలా పుస్తకాలు చెయ్యి ఇచ్చి లాగిన దగ్గరే ఆపేస్తాయి. బొమ్మ బాగుంటుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. అక్కడ ఆపితే ఆ కథ "మంచి చేస్తే మంచి జరుగుతుంది" అనే మాటగా మారిపోతుంది. జరిగింది అది కాదు. "వెనక్కి రాకపోతే బతికేవాడు కదా?" అని పిల్లవాడు అడగాలి, ఆ ప్రశ్నకు మనం తడబడాలి. "మీ శత్రువులను ప్రేమించుడి" అన్న మాటకు ఎంత ఖరీదు చెల్లించాల్సి రావచ్చో అప్పుడే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

పిల్లలు భయపడతారు అంటారు. నిజమే, వయసు చూసుకోవాలి. చిన్నవాళ్లకు అతన్ని చంపేశారని చెబితే చాలు, మంటల వర్ణన అక్కర్లేదు. ఈ కథలన్నీ ఉన్న 'మార్టిర్స్ మిర్రర్' అనే 1660 నాటి డచ్ గ్రంథాన్ని చిన్నపిల్లల ముందు మొదటినుంచి చివరిదాకా చదవమని నేను చెప్పను. 1573లో ఆంట్‌వెర్ప్‌లో మేకెన్ వెన్స్ అనే తల్లిని, మాట్లాడకుండా నాలుకకు మర (స్క్రూ) బిగించి కాల్చేశారు. తర్వాత ఆమె పదిహేనేళ్ల కొడుకు ఆ బూడిదలో మర కోసం వెతికాడు. ఇది ఎదిగిన పిల్లలతో చదవాల్సిన కథ, అదీ తల్లిదండ్రులు ముందు ఒంటరిగా చదువుకున్నాక. అయినా పెన్సిల్వేనియా మెన్నోనైట్లు ఈ పుస్తకాన్ని జర్మన్‌లో అచ్చు వేయించుకున్నది ఎందుకనుకున్నారు? యుద్ధం వస్తే తమ పిల్లలు విశ్వాసంలో నిలబడాలని. 1740ల చివర్లో ఎఫ్రాటా అనే చోట అది అచ్చయింది. పిల్లల కోసమే అంత పెద్ద గ్రంథాన్ని తలకెత్తుకున్నారు వాళ్లు.

ఇక అట్ట మీద తెల్లటోపీ పెట్టుకున్న అమ్మాయి, వెనకాల గుర్రబ్బండి, పచ్చటి పొలం ఉండే నవలలు. అవి మెన్నోనైట్లకు దగ్గరి సంబంధం ఉన్న ఆమిష్ అనే సమాజం చుట్టూ అల్లిన ప్రేమకథలు, వాటిలో చాలావరకు ఆ సమాజానికి బయటివాళ్లు రాసినవి. చదవొద్దని అనను. కానీ అవి చదివి మెన్నోనైట్ల గురించి తెలిసిపోయిందనుకుంటే మాత్రం పొరపాటే. ఈరోజు ప్రపంచంలో ఈ సంఘాలవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో ఉన్నారు. ఇథియోపియాలో మెసెరెతె క్రిస్తోస్ అనే మెన్నోనైట్ సంఘాన్ని 1982లో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం మూసేసింది. విశ్వాసులు ఇళ్లల్లో రహస్యంగా కూడుకున్నారు. నిషేధం పోయేసరికి సంఘం తగ్గలేదు, ఎన్నో రెట్లు పెరిగింది. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినే కథ ఇది. గుర్రబ్బండి కథలు పది దొరికే చోట ఇలాంటిది ఒక్కటీ దొరకదు, నాకు అదే బాధ.

ఇంకొక్క సంగతి. తమవాళ్ల తప్పులు దాచే పుస్తకాన్ని కూడా నేను నమ్మను. 1534, 35లో మున్‌స్టర్ నగరంలో కత్తి పట్టి రాజ్యం ఏలినవాళ్లు కూడా అనాబాప్టిస్టులే, అంటే జ్యూరిక్‌వాళ్లలా ఎదిగాక మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నవాళ్లే. ఆ రక్తపాతం చూసి కలత చెందిన క్యాథలిక్ పాదిరీయే మెన్నో సైమన్స్, మెన్నోనైట్లకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. 1536లో పదవి వదిలేసి, చెదిరిన విశ్వాసులను శాంతి మార్గంలో కూడగట్టాడు. మున్‌స్టర్ ఊసెత్తకుండా మెన్నో కథ చెబితే, ఆయన ఎందుకు అంత పట్టుగా కత్తి వద్దన్నాడో పిల్లలకు ఎలా తెలుస్తుంది? బైబిలు దావీదు పాపాన్ని దాచలేదు, పేతురు బొంకిన రాత్రినీ దాచలేదు. మనం కొనే పుస్తకం అంతకంటే పరిశుద్ధంగా ఉండాల్సిన పనేమీ లేదు.

ఇలా ఏమీ దాచకుండా రాసిన పుస్తకం మీ ఇంట్లో పిల్లలతో కలిసి చదివి ఉంటే పేరు చెప్పండి. ఇథియోపియా, ఇండోనేషియా, కాంగో సంఘాల కథలైతే మరీ సంతోషం.