పార్టీని బట్టి పని

ఎన్నికలు దగ్గరపడితే చాలు, ప్రతి పార్టీ కార్యాలయంలోనూ ఒక పద్దు తెరుచుకుంటుంది. నేతన్నలు ఎటు? ఆటో డ్రైవర్లు ఎటు? ఉపాధ్యాయులు ఎటు? చీనీ (బత్తాయి) రైతులు ఎటు? ఒక్కో వృత్తినీ ఒక్కో గంపకెత్తి తూకం వేస్తారు. ఆ తూకంలో పత్రికలకూ పాలుంది. ఫలానా వృత్తివారి మొగ్గు ఎటు అని రాసిన పాపం మాకూ ఉంది. పని తెలిస్తే ఓటు తెలిసిపోతుందన్న ఈ నమ్మకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో మాత్రం నిలవడం లేదు.

జిల్లాలోని 14 అసెంబ్లీ స్థానాల్లో 2014లో తెలుగుదేశానికి 12, వైఎస్సార్‌ కాంగ్రెస్‌కు 2 దక్కాయి. 2019లో ఆ అంకెలే తారుమారయ్యాయి. 2024లో పద్నాలుగూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి పరమయ్యాయి. సీట్ల లెక్క ఓట్ల మార్పును పెద్దది చేసి చూపుతుంది, నిజమే. అయినా ఈ పదేళ్లలో వేరుశనగ వేసేవారు వేరుశనగే వేశారు, మగ్గం మీద కూర్చునేవారు మగ్గం మీదే ఉన్నారు. పట్టుచీరల ఊరు ధర్మవరం ఈ మూడు ఎన్నికల్లో వరసగా తెలుగుదేశాన్ని, వైఎస్సార్‌ కాంగ్రెస్‌ను, బీజేపీని గెలిపించింది. ఇందులో ఏది నేతన్నల పార్టీ?

అసలు నేతన్న అంటే ఒక్కరు కాదు. ధర్మవరంలో నేతగాళ్ల వీధిలోకి వెళ్తే, గుంతలో కాళ్లు పెట్టుకుని తొక్కుడు చెక్కలు తొక్కుతున్న మనిషి, అతని తల మీద చీర డిజైన్లు తీసే జకార్డు పెట్టె, పక్కన కండెలు చుడుతున్న ఇల్లాలు కనిపిస్తారు. చూపుకు అన్ని ఇళ్లూ ఒకటే. అడిగితేగాని తెలియదు, ఈ మగ్గం సొంతమనీ, ఆ పక్కింట్లోది షావుకారుదనీ. 2019 డిసెంబరు 21న ఇదే ధర్మవరంలో నేతన్న ఖాతాలో ఏటా 24,000 రూపాయలు వేసే నేతన్న నేస్తం పథకాన్ని వైఎస్సార్‌ కాంగ్రెస్‌ ప్రభుత్వం ప్రారంభించింది. అది సొంత మగ్గం ఉన్నవారికి. షావుకారు మగ్గం మీద కూలికి నేసేవారు, మగ్గానికి పడుగు దారాలు కలిపి అచ్చులు అతికేవారు, రంగులు అద్దేవారు ఆ జాబితా బయటే ఉండిపోయారు. పథకం లెక్కపెట్టింది మగ్గాన్ని, మనిషిని కాదు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్లలో ఒకటి సంతోషపడింది, ఒకటి చిన్నబుచ్చుకుంది. ఇక ఈ రెండు ఇళ్లకూ ఉమ్మడి బాధ వేరే ఉంది. చేనేతకు ప్రత్యేకించిన రకాలను మరమగ్గాలపై నేయరాదని 1985 నుంచి చట్టం ఉన్నా, అచ్చం అలాంటి చీర మరమగ్గం మీద దిగి సగం ధరకు అంగట్లో వేలాడుతోంది. ముడి పట్టు ధర పెరిగినంత వేగంగా కూలి పెరగదు. ఈ రెండు విషయాల్లో ఏ ప్రభుత్వమూ గట్టిగా కలగజేసుకోలేదు. ఖాతాలో డబ్బు వేయడం సులువు, మరమగ్గం యజమానిని నిలదీయడం కష్టం.

రైతు సంగతీ అంతే. 2004 మే 14న వై.ఎస్‌. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు మీద తొలి సంతకం చేస్తే, బోరు కింద చీనీ తోట ఉన్న రైతుకు అది కొండంత అండ అయింది. బోరు లేని మెట్ట రైతుకు కావలసింది కరెంటు కాదు, అదునుకు వాన, అదునుకు విత్తన కాయ. ఈ ఇద్దరినీ కలిపి రైతు ఓటు అంటున్నాం.

పుట్టిన ఇంటి వృత్తే రాజకీయాన్ని నిర్ణయిస్తుందనేవారికి ఈ నేలే ఎప్పుడో జవాబు చెప్పింది. 1952లో అనంతపురంలో తలపడింది భూస్వామ్య కుటుంబంలో పుట్టి కమ్యూనిస్టు అయిన తరిమెల నాగిరెడ్డి, ఆయనకు బావ వరస అయిన కాంగ్రెస్‌ నేత నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ రైతు ఇళ్ల బిడ్డలే, బంధువులే. జైల్లో ఉండి పోటీ చేసిన నాగిరెడ్డి గెలిచారు. ఓడిన సంజీవరెడ్డి నాలుగేళ్లకు ఆంధ్రప్రదేశ్‌ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. వంటింటి చుట్టరికం సరే, ఓటు దారి ఓటుది.

వృత్తికే విడిగా బ్యాలెట్‌ పెట్టె ఉన్నది ఒక్క ఉపాధ్యాయులకే. రాజ్యాంగం 171వ అధికరణం శాసన మండలిలో పన్నెండో వంతు వారికి ఇచ్చింది. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమలో పట్టభద్రులకూ ఉపాధ్యాయులకూ మండలి ఎన్నికలు ఒకే రోజు జరిగాయి. పీఆర్సీ (వేతన సవరణ), సీపీఎస్‌ (కొత్త పింఛను విధానం) గొడవలతో పంతుళ్లంతా అప్పటి ప్రభుత్వంపై మండిపడుతున్నారని అందరూ అనుకున్న కాలమది. పట్టభద్రుల స్థానం తెలుగుదేశానికి పోయింది. ఉపాధ్యాయుల స్థానంలో మాత్రం వైఎస్సార్‌ కాంగ్రెస్‌ నిలబెట్టిన అభ్యర్థి స్వల్ప తేడాతో గట్టెక్కారు. ఒక్క వృత్తివారే ఓటు వేసినచోట కూడా ఊహ తప్పింది.

ఇంతకీ వృత్తికీ పార్టీకీ సంబంధమే లేదా? ఉంది. చాలా గట్టి సంబంధమే ఉంది. కాకపోతే మనం దాన్ని తలకిందులుగా చదువుతున్నాం. ఈ జిల్లా పల్లెల్లో పని పార్టీని నిర్ణయించడం లేదు, పార్టీయే పనిని నిర్ణయిస్తోంది.

నార్పల మండలం బండ్లపల్లిని తీసుకోండి. దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఆ ఊళ్లోనే మొదలైంది. అడిగినవారికి పని అన్నది చట్టం. అడిగినవారికి పని చూపి, హాజరు మస్టరులో ఎక్కించే మనిషి ఫీల్డ్‌ అసిస్టెంటు. చిన్న జీతం, పర్మనెంటు కాదు, పొద్దున్నే కొలతలు, ఎండలో నిలబడి ఫోనులో కూలీల ఫోటోలు. అయినా ప్రభుత్వం మారిన నెలకే ఊళ్లలో మొదటగా కన్నుపడేది ఆ కొలువు మీదే. రాజీనామా అడుగుతారు. ఇవ్వకపోతే ఎప్పటివో తనిఖీ నివేదికలు బయటికి తీస్తారు. చట్టం కూలీకి హామీ ఇచ్చింది గాని, ఆ కూలీ పేరు రాసేవారికి ఇవ్వలేదు.

చౌకదుకాణం డీలరుదీ అదే కథ. అయిదేళ్లు ఎవరి కంటికీ ఆనని నాలుగు బస్తాల తేడా, కొత్త ప్రభుత్వం వచ్చిన రెండో నెలలో నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు అవుతుంది. డీలరు హైకోర్టుకు వెళ్తే ఒక్కోసారి దుకాణం తిరిగి దక్కుతుంది. కోర్టు ఖర్చు భరించలేనివారు తాళంచెవి ఇచ్చేస్తారు. నిజంగా బియ్యం మింగినవారూ వీరిలో ఉన్నారు, వారిపై మాకు జాలి లేదు. అయితే దొంగతనం ప్రతి అయిదేళ్లకు ఒకసారి, అదీ ఓడిన పార్టీవారి దుకాణాల్లోనే బయటపడటం విడ్డూరం.

కొన్ని పనులైతే పార్టీతోనే పుట్టి పార్టీతోనే పోయాయి. 2019 ఆగస్టు 15న ప్రభుత్వ సేవలను ఇంటింటికీ చేర్చే వలంటీర్లు వచ్చారు. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు. 2024 ఎన్నికల ముందు పది వేలు చేస్తామన్న మాటా విన్నారు, రాజీనామా చేయండన్న మాటా విన్నారు. చివరికి ఆ వ్యవస్థే లేకుండా పోయింది. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్‌ అంటూ 9,260 బండ్లు రోడ్డెక్కాయి. 2025 జూన్‌ నుంచి అవి ఆగిపోయి, సరుకులు మళ్లీ దుకాణాల్లో ఇస్తున్నారు. ఆ విధానం మంచిదా, ఈ విధానం మంచిదా అన్నది వేరే చర్చ. బండి నడిపినవాడు మాత్రం నాలుగేళ్లు ఒక వృత్తిలో ఉన్నాననుకున్నాడు. ఇది కొత్త జబ్బూ కాదు. 1984లో ఎన్‌.టి.రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. రద్దు న్యాయమే. కానీ ఊరి లెక్కల పుస్తకం ఒక కుటుంబం చేతి నుంచి జారి, కొన్నాళ్లకు పార్టీ చేతిలోకి వచ్చి పడింది.

అన్నింటికంటే చిన్న కొలువు బడిలో మధ్యాహ్న భోజనం వండే మహిళది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. బియ్యం, గుడ్లు ప్రభుత్వం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు ముందు ఆమె తేవాలి, బిల్లు తర్వాత వస్తుంది. ఆ తర్వాత అన్నది రెండు నెలలు కావచ్చు, నాలుగు కావచ్చు. అంతవరకు అంగడిలో ఆమె పేరిట అరువు పెరుగుతూ ఉంటుంది. పార్టీ మారినప్పుడు ఒక పొద్దున కొత్త మనుషులు వచ్చి పొయ్యి దగ్గర నిలబడతారు. ఆమె తన సొంత గుండిగలు, గరిటెలు ఆటోలో వేసుకుని ఇంటికి పోతుంది. రావలసిన బిల్లు ఆగిపోతుంది. అంగడివాడి పద్దు ఆగదు. ఆమె ఓటు ఎవరికి వేసిందో ఎవరికీ తెలియదు. భర్తో మరిదో ఎవరి జెండా పట్టాడన్నదే లెక్క.

ఇలా కొలువు పోయినవాళ్లు మాత్రం పార్టీ పేరు చెప్పుకుని చేరలేదా అని అధికార పక్షం అడుగుతుంది. ఎవరు అధికారంలో ఉన్నా అడిగేది ఇదే ప్రశ్న. చాలామంది అలాగే చేరారు, కాదనలేం. అధికార పార్టీ నియోజకవర్గ ఇన్‌చార్జి సిఫారసు లేనిదే అంగన్‌వాడీ ఆయా కొలువు కూడా రాదని జనం గట్టిగా నమ్మే చోట ఇంకెలా చేరతారు? ప్రజలు ఎన్నుకోని ఆ ఇన్‌చార్జి మాటకు మండలాఫీసులో ఉన్న విలువ, గ్రామసభ తీర్మానానికి లేదు. కార్యకర్తలకు ఏదో ఒకటి చేయాలి కదా అన్న నాయకుల ఇబ్బందీ మాకు తెలుసు. చేయండి, మీ పార్టీ నిధితో చేయండి.

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. ఈ చిన్న కొలువులకు గ్రామసభలో ప్రకటన ఇచ్చి, అర్హత చూసి తీసుకోవాలి. కాలపరిమితి ముందే చెప్పాలి. తప్పు చేస్తే తొలగించాలి, అయితే తప్పేమిటో కాగితం మీద రాసి, జవాబు విని, అప్పీలుకు గడువు ఇచ్చి తొలగించాలి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ వ్యవస్థ ఉండనే ఉంది. ఫీల్డ్‌ అసిస్టెంటు ఉండాలో పోవాలో ఊరందరి ఎదుట చదివే ఆ నివేదిక చెప్పాలి, ఇన్‌చార్జి ఫోను కాదు. వీటికి చట్టసభ దాకా వెళ్లాలని, సమయం పడుతుందని అంటారేమో. పాత బిల్లు పైసాతో సహా చెల్లించకుండా బడిలో ఏ వంట ఏజెన్సీనీ మార్చరాదన్న ఉత్తర్వుకు ఆ సాకు కుదరదు. దానికి చట్టసభ అక్కరలేదు, కొత్తగా నిధులూ అక్కరలేదు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఇవ్వవచ్చు.