47 హార్స్‌పవర్ చాలు

1959లో ట్రయంఫ్ కంపెనీ బోన్‌విల్ టీ120ని తెచ్చినప్పుడు, దాని 650 సీసీ ఇంజన్ బలం 46 హార్స్‌పవర్ అని ప్రకటించింది. పేరు చివర ఉన్న 120 గంటకు 120 మైళ్ళ వేగానికి గుర్తు. అప్పట్లో అంత వేగంతో పోయే రోడ్డు బళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 వచ్చింది. ఇంజన్ పరిమాణం దాదాపు అంతే, పక్కపక్కనే రెండు సిలిండర్లు, బలం 47. సుమారు అరవై ఏళ్ళకి ఒక్క అంకె పెరిగింది.

చేతకాక అక్కడ ఆపలేదు. యూరప్‌లో ఏ2 అనే లైసెన్సుకి 35 కిలోవాట్ల హద్దు ఉంది. అంటే ఇంచుమించు 47 హార్స్‌పవర్. ఒకప్పుడు రేసు పిచ్చి ఉన్నవాళ్ళు వెతుక్కుని కొనుక్కున్న బలాన్ని, ఇప్పుడు చట్టం పెద్ద బళ్ళకింకా అర్హత రాని వాళ్ళ చేతికిస్తోంది. అయినా ఇంటర్‌సెప్టర్ దిగినవాళ్ళ ముఖంలో అసంతృప్తి నాకు పెద్దగా కనపడలేదు. ఎందుకో ఆలోచిస్తే, ఈ రెట్రో బళ్ళ మీద, అంటే పాత రూపంతో కొత్తగా తయారయ్యే బళ్ళ మీద, ఇంతమందికి ఇంత ఇష్టం ఎలా పుట్టిందో కూడా అర్థమవుతుంది.

ఈ మాట ఎత్తగానే చాలామంది "అదంతా పాత రోజుల మోజు" అని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఈ బళ్ళు కొంటున్నవాళ్ళలో పాతికేళ్ళ పిల్లలు బోలెడంతమంది. 1960ల గురించి వాళ్ళకి జ్ఞాపకాలెక్కడివి? వాళ్ళు కొంటున్నది బండి తమ చేతికి అందుతుంది కాబట్టి. దాని బలం పూర్తిగా వాడుకోవచ్చు, దాని ఇంజన్ కంటికి కనిపిస్తుంది, అది చేసే పని కొంతైనా బుర్రకెక్కుతుంది. పాత రూపం ఈ గుణాలన్నిటికీ సరిపోయింది కాబట్టే ఇన్నాళ్ళు నిలిచిందని నా నమ్మకం.

ఇవాళ్టి 1000 సీసీ స్పోర్ట్స్ బండి బలం 200 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉంటుంది. మొదటి గేరులోనే గంటకు 140 కిలోమీటర్లు దాటేస్తుంది. రేసు ట్రాక్ మీద అవి అద్భుతాలే, అందులో సందేహం లేదు. కానీ మామూలు రోడ్డు మీద దాని యజమాని ఆ బలంలో పావు వంతైనా వాడలేడు. వాడబోతే లైసెన్సు పోతుంది, అంతకన్నా పెద్దవే పోవచ్చు. అదే ఇంటర్‌సెప్టర్ మీదో, కవాసకీ డబ్ల్యూ800 మీదో మలుపుల దారిలో వెళ్ళండి. మూడో గేరులో నిండుగా లాగిస్తారు, నాలుగులోకి మారుస్తారు, మలుపు ముందు మళ్ళీ మూడుకి దించుతారు, బయటికి రాగానే యాక్సిలరేటర్ తిప్పుతారు. చేతులు, కాళ్ళు, చెవులు అన్నీ పనిలో ఉంటాయి. తీరా చూస్తే ముల్లు 80 దగ్గర ఉంటుంది. వేగం హద్దులోనే ఉంది, బండి దగ్గరున్నదంతా మీరు వాడారు. ఈ తృప్తి పెద్ద బళ్ళ మీద రోడ్డులో దొరకదు.

బలం ఎంత అన్నదానికన్నా అది ఎక్కడ వస్తుందన్నది ముఖ్యం. ఇప్పటి బోన్‌విల్ టీ120 ఇంజన్ 1200 సీసీ. అంత పెద్ద ఇంజన్ నుంచి ట్రయంఫ్ తీసుకున్నది 80 హార్స్‌పవర్ మాత్రమే. కావాలంటే ఇంకా చాలా పిండుకోవచ్చు. కానీ వాళ్ళు 105 న్యూటన్ మీటర్ల టార్క్‌ని, అంటే చక్రాన్ని తిప్పే లాగుడు శక్తిని, ఇంజన్ నిమిషానికి 3,500 చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతున్నప్పుడే అందేలా చూశారు. ఇంజన్ గొంతు చించుకోకుండానే బండి ముందుకి లాగుతుంది. గేరు మార్చడం మర్చిపోయినా కోప్పడదు. ఇది నడిపేవాడి అవసరం తెలిసినవాళ్ళు చేసిన పని.

ఇక శబ్దం. పాత ఇంగ్లీషు ట్విన్లలో, అంటే రెండు సిలిండర్ల ఇంజన్లలో, రెండు పిస్టన్లూ కలిసే పైకి లేచి, కలిసే కిందికి దిగేవి. పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంక్. ఈ అమరికని 360 డిగ్రీల క్రాంక్ అంటారు. సిలిండర్లలో పెట్రోలు మండే పేలుళ్ళు సమానమైన వ్యవధిలో వస్తాయి, చప్పుడు ఒకే లయలో ఉంటుంది, కానీ రెండు పిస్టన్ల బరువూ ఒకేసారి ఊగడంతో చేతులు తిమ్మిరెక్కేలా వణుకు. 1995లో యమహా టీఆర్ఎక్స్850 బండిలో 270 డిగ్రీల క్రాంక్ పెట్టింది. ఇందులో ఒక పిస్టన్ పైకో కిందకో చేరి ఆగిన క్షణంలో రెండోది మధ్యలో మంచి ఊపు మీద ఉంటుంది. వణుకు తగ్గింది. పేలుళ్ళ మధ్య వ్యవధి ఒకటి పొట్టి, ఒకటి పొడుగు కావడంతో చప్పుడు వీ-ట్విన్‌లా (రెండు సిలిండర్లూ V ఆకారంలో ఉండే ఇంజన్‌లా) తడబడుతూ, నిండుగా వస్తుంది. 2016 నుంచి బోన్‌విల్ ఇంజన్ ఇలాంటిదే, ఇంటర్‌సెప్టర్ ఇంజన్ కూడా ఇలాంటిదే. బయటికి 1960ల రూపం, లోపల ఆ కాలంలో ఆ బండికి లేని అమరిక. పాతదాన్ని మక్కికి మక్కి దింపాలనుకుని ఉంటే ఈ మార్పు చేసేవారా? పాత లయే కావాలన్నవాళ్ళకి డబ్ల్యూ800 ఉంది. అందులో ఇప్పటికీ 360 డిగ్రీల క్రాంకే.

ఆ డబ్ల్యూ800ని ఎక్కడైనా చూస్తే కుడివైపు ఆగి చూడండి. ఇంజన్ పక్కన నిలువుగా ఒక గొట్టం మెరుస్తూ ఉంటుంది. ఇంజన్ తలలో వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్‌ని తిప్పే కడ్డీ అందులో ఉంది, పైనా కిందా తిరుగుడు దిశని మలిపే ఏటవాలు పళ్ళ బెవెల్ గేర్లు. చాలా బళ్ళలో ఈ పని ఒక చైను చేస్తుంది, అదీ కవరు చాటున. 1999లో డబ్ల్యూ650ని తయారుచేసినప్పుడు కవాసకీ వాళ్ళు కూడా చైనుతో చవగ్గా కానిచ్చేయొచ్చు. కష్టపడి బెవెల్ గేర్లు పెట్టి, అందరికీ కనపడేలా నిలబెట్టారు. అలంకారంగా కనిపిస్తూ నిజంగా పనిచేసే భాగం అది. ఈ తరహా బళ్ళలో నాకు అన్నిటికన్నా నచ్చిన వివరం ఇదే.

ఈ ధోరణి నిన్నా మొన్నా మొదలైంది కాదు. 1980లలో రేసు బళ్ళ పోలికతో ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న బళ్ళు మార్కెట్‌ని ముంచెత్తాయి. ఆ జోరులోనే 1989లో కవాసకీ జెఫిర్ 400ని జపాన్‌లో విడుదల చేసింది. తొడుగు లేదు, గుండ్రటి హెడ్‌లైటు, బయటికి కనిపించే ఇంజన్. జనం ఎగబడి కొన్నారు. ఇంగ్లండ్‌లో మెరిడెన్ ఫ్యాక్టరీ 1983లో మూతపడ్డాక ట్రయంఫ్ పేరు చేతులు మారి, హింక్లీలో కొత్త ఫ్యాక్టరీ లేచింది. అక్కడి నుంచి 2001 మోడల్‌గా బోన్‌విల్ తిరిగొచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ కథ వేరు. 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చింది, పుట్టిన ఇంగ్లండ్‌లో కంపెనీ మూతపడినా ఇక్కడ ఆగలేదు. మానకుండా తయారవుతూనే ఉన్నదాన్ని రెట్రో అనడం నాకు సమ్మతం కాదు.

"అంత ఇష్టమైతే అసలైన పాత బండే కొనుక్కోవచ్చుగా, ఈ నకలెందుకు?" అని అడిగేవాళ్ళున్నారు. పాత బళ్ళని కాపాడుతున్నవాళ్ళంటే నాకు గౌరవం. కానీ ఆ సలహా అందరికీ ఇవ్వకూడదు. పాత ఇంగ్లీషు బళ్ళలో గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. అమెరికా నిబంధన వల్ల 1975 మోడళ్ళ నుంచి అక్కడ గేరు ఎడమవైపు తప్పనిసరైంది, మిగతా ప్రపంచమూ అదే దారి పట్టింది. ఏళ్ళ తరబడి కుడికాలితో బ్రేకు తొక్కడం అలవాటైన మనిషి పాత బండి మీద తీరిగ్గా వెళ్తున్నంతసేపూ బాగానే ఉంటాడు. ముందు కారు హఠాత్తుగా ఆగితే ఆలోచించే వ్యవధి ఉండదు. కాలు తనకు తెలిసిన చోటే తొక్కుతుంది, అక్కడ ఉన్నది గేరు. దానికి తోడు డ్రమ్ బ్రేకులు, మసక లైటు, నిలువునా రెండు ముక్కలుగా బిగించిన క్రాంక్‌కేస్ (క్రాంక్ ఉండే ఇంజన్ అడుగు పెట్టె) అతుకుల్లోంచి కారే ఆయిలు. 1969లో హోండా సీబీ750 బటన్ స్టార్టుతో, ముందు డిస్క్ బ్రేకుతో, ఆయిలు కారని ఇంజన్‌తో వచ్చి ఇంగ్లీషు కంపెనీలకి చెమటలు పట్టించింది ఊరికే కాదు. ఆదివారం పొద్దున రెండు గంటల ఖాళీ మాత్రమే దొరికే మనిషికి, బటన్ నొక్కగానే స్టార్టయ్యే ఇంజనూ, బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకోనివ్వని ఏబీఎస్సూ ఉన్న కొత్త బండే న్యాయం.

నకలు అన్న ఆరోపణలో కొంత నిజం లేకపోలేదు. టీ120లో పెట్రోలు పంపే ఇంజెక్షన్ భాగాలకి పాత ఏమల్ కార్బురేటర్ల ఆకారం ఇచ్చారు. 1972 నాటి జెడ్1ని గుర్తుచేసే కవాసకీ జెడ్900ఆర్ఎస్ ఇంజన్ చల్లబడేది నీళ్ళతో, అయినా దాని మీద రెక్కల్లాంటి గీతలు పోతపోశారు. నాకు వీటితో పేచీ లేదు. ఆ భాగానికి ఏదో ఒక ఆకారం ఉండాలి, అదేదో అందంగా ఉంటే తప్పేమిటి? రూపం కోసం పనికి నష్టం చేసినప్పుడే నా అభ్యంతరం. హార్లీ ఫార్టీ-ఎయిట్‌కి పల్లీకాయంత ముచ్చటైన ట్యాంకు పెట్టారు, అందులో పట్టేది సుమారు 8 లీటర్లు. కాస్త దూరం పోగానే బంకు వెతుక్కోవాలి. కావాలనే గీకి, మాసిన రంగు వేసి అమ్మే బళ్ళు కూడా నాకు నచ్చవు. ఆ గీతలు బండి కొన్నవాళ్ళు దాని మీద ఊళ్ళు తిరిగి సంపాదించుకోవలసినవి.

ఇంట్లో ఉంచుకుంటే వచ్చే ఆనందం వేరే ఉంది. బండి ఆపి తాళం తీసుకుని నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూస్తాం. ఇంజన్ చల్లబడుతూ టిక్కు టిక్కుమంటుంది. వేడికి సాగిన సైలెన్సర్ పైపులు మళ్ళీ ముడుచుకుంటున్న చప్పుడది. ఇంటర్‌సెప్టర్‌కి సెంటర్ స్టాండ్ ఉంది, వెనక చక్రం తిప్పుతూ చైనుకి నూనె పట్టించడం పది నిమిషాల పని. వాల్వుల సందు సరిచెయ్యడానికి స్క్రూ, నట్టు చాలు. సందు కొలిచే పల్చటి రేకుల పనిముట్టు, ఫీలర్ గేజ్, పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళు ఆ పని స్వయంగా చేసుకోగలరు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనలాంటి వాళ్ళకి, చేతులకి గ్రీజు అంటించుకుని ఒక పని పూర్తిచేసిన సంతృప్తి తక్కువేం కాదు.

తీగల చక్రాల మీద మాత్రం ముందే ఆలోచించుకోండి. స్పోకులున్న చక్రాల్లో ఎక్కువవాటికి ట్యూబు ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరైతే రోడ్డు పక్కనే ప్లగ్ పెట్టి, గాలి కొట్టుకుని బయల్దేరొచ్చు. ట్యూబుంటే చక్రం ఊడదీయక తప్పదు. ఇంటర్‌సెప్టర్‌లో 2023 నుంచి కొన్ని రంగుల్లో అలాయ్ చక్రాలు వస్తున్నాయి. చూడటానికి స్పోకులే బాగుంటాయి, అయినా ఒంటరిగా దూరం వెళ్ళేవాళ్ళకి నా ఓటు అలాయ్‌కే.

మరో సంగతి గట్టిగా చెప్పాలి. రెట్రో బండికి జతగా ముఖం తెరిచి ఉండే హెల్మెట్, పల్చటి జీన్స్ ఫ్యాషన్ అయిపోయాయి. బండి రూపం పాతదైనా రోడ్డు ఇప్పటిదే. గడ్డాన్ని కూడా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్లు ఇప్పుడు పాత తరహా డిజైన్లలోనే దొరుకుతున్నాయి. భుజాలు, మోచేతులు, వెన్ను దగ్గర ప్యాడ్లున్న జాకెట్టు, చీలమండ కప్పే బూట్లు కూడా బండి బడ్జెట్‌లోనే వేసుకోండి. చాలా ఏళ్ళ తరవాత మళ్ళీ బండి ఎక్కుతున్నవాళ్ళు ముందు ఒక ట్రైనింగ్ క్లాసుకి వెళ్ళండి. ఇంట్లోవాళ్ళ టెన్షన్ తగ్గించడానికి బతిమాలడం కన్నా అది బాగా పనిచేస్తుంది.

రోజూ హైవే మీద వంద కిలోమీటర్లు పోయి రావాల్సినవాళ్ళకి ఈ బళ్ళు నేను చెప్పను. గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది, గంట గడిచేసరికి మెడ లాగుతుంది, వాళ్ళకి గాలిని అడ్డుకునే ముందు అద్దం, తొడుగు ఉన్న టూరింగ్ బండే సుఖం. మిగతావాళ్ళు షోరూంలో బండిని చూసి మురిసిపోయి సంతకం పెట్టకుండా టెస్ట్ రైడ్ అడగండి. రెండు కాళ్ళూ నేలకి ఆనుతున్నాయో లేదో చూసుకోండి. రద్దీలో క్లచ్ ఎంత బరువుగా ఉందో, ఇంజన్ వేడి తొడలకి ఎంత తగులుతోందో గమనించండి. ఆ తరవాత ఖాళీ రోడ్డు దొరికితే మూడో గేరులో వేసి, ఒక్కసారి నిండుగా యాక్సిలరేటర్ తిప్పి చూడండి.